తెల్లవారితే పదిహేను

చీరాల స్టేషన్ రోడ్డులోని రిపేరు షాపులో రాగసుధ బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. చీరల అంచులకు డిజైన్లు వేసి మగ్గాల వాళ్లకివ్వడం ఆమె పని. మగ్గాల యజమాని యలమంద అడిగిన పెళ్లిచీర డిజైను అందులోనే ఉండిపోయింది. ఫైలు తెరిచేలోపే లాప్‌టాప్ ఆగిపోతోంది. రేపు పొద్దుటికి అందకపోతే ఇంకొకరి చేత వేయించుకుంటానని యలమంద మొహం మీదే చెప్పేశాడు.

“ర్యామ్ పోయిందో, బోర్డు పోయిందో పెన్‌డ్రైవ్ పెట్టి టెస్ట్ చేద్దామంటే ఇది ఒప్పుకోవట్లేదు మేడం,” అన్నాడు షాపు నడిపే జాన్ బాషా. “బయటి పెన్‌డ్రైవ్‌తో మొదలవకుండా సెక్యూర్ బూట్ అనే కాపలా అడ్డుకుంటోంది. దాన్ని ఆపాలంటే లోపలి సెట్టింగుల్లోకి వెళ్లాలి. వాటికి పాస్‌వర్డ్ పెట్టారెవరో.”

ఎవరో ఏమిటి! లాప్‌టాప్ కొన్న రోజే “నీకివన్నీ ఎందుకు” అంటూ భర్త కార్తిక్ దాన్ని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. ఆమె ఫోన్ చేస్తే, ఫోన్లో చెప్పేది కాదంటూ ఒంగోలులో తాను పనిచేసే కాలేజీ నుంచి నేరుగా షాపుకే వచ్చాడు.

“మన పెళ్లి తారీఖే పెట్టాను,” అన్నాడు కాస్త గర్వంగా. కొట్టాడు. తప్పంది. మళ్లీ కొట్టాడు. తప్పే.

“ఏవండీ, పద్నాలుగు వేసి చూడండి,” అంది రాగసుధ మెల్లగా. “ముహూర్తం పద్నాలుగు రాత్రి, తెల్లవారితే పదిహేను కదా. అత్తయ్యగారు పద్నాలుగే అంటారు. ఇది కొన్నరోజు ఆవిడ మీ పక్కనే ఉన్నారు.”

“తాళి కట్టింది నేను. నాకు తెలీదా ఏ రోజో?”

మూడోసారీ పదిహేనే. తెర మీద తాళం బొమ్మ పడి లాప్‌టాప్ బిగుసుకుపోయింది.

“కీబోర్డు సరిగ్గా పడట్లేదు, ముందది చూడవయ్యా!” అని జాన్ బాషాను కసిరి, ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు కార్తిక్.

“ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ ఇంకోసారి అడుగుతుంది మేడం,” అన్నాడు బాషా, ఆమె మొహం చూడకుండా.

రాగసుధ తలుపు వైపు చూసింది. లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. పద్నాలుగు వేసి కొట్టింది. తెరుచుకుంది.

బాషా సెక్యూర్ బూట్ ఆపాడు. “పాస్‌వర్డ్ ఇదే ఉంచమంటారా?”

“మారుస్తాను.”

అతను గోడ వైపు తిరిగాడు. ఆమె కొత్తది పెట్టింది.

టెస్ట్ మొదలైన కాసేపటికే తెర నిండా ఎర్ర గీతలు. “ర్యామే, బోర్డు కాదు. బతికిపోయారు మేడం. మార్చేస్తే డిజైను ఇవాళే పంపించేయొచ్చు.”

కార్తిక్ లోపలికి వచ్చాడు. “తెరుచుకుందా?”

“తెరుచుకుంది.”

“చెప్పానా, కీబోర్డే! ఇంటికెళ్లాక నా చేతికివ్వు, సెట్టింగులు మళ్లీ సరిచేస్తాను.”

ఆమె సరేనంది. అనేశాక, బాషా విప్పుతున్న స్క్రూలనే చూస్తూ, ఇంటికి వెళ్లే దారి ఇంకాస్త దూరమైతే బాగుండుననుకుంది.