చల్లటి నట్టు

తాముండే రిగ్గై పేట బాస్కెట్‌బాల్ జట్టు ఓడిపోవాలని ఆ శుక్రవారం పొద్దున వెంకటేశ్వరి వంటింటి అలమరలోని దేవుడి పటానికి దండం పెట్టుకుంది. పెట్టుకున్న మరుక్షణమే లెంపలు వేసుకుంది. ఆ జట్టు కెప్టెన్ ఎవరో కాదు, ఆమె మొగుడు మునీంద్ర. కట్టుకున్నవాడు ఓడాలని మొక్కుకునే మనిషిని దేవుడు ఏమనుకుంటాడో అని ఇంకో భయం పట్టుకుంది.

ఆమెకు భయాలకేం కొదవ లేదు. పిల్ల మెట్ల మీద దూకితే భయం, లిఫ్టు కుదుపుతో ఆగితే భయం, దుమ్ముగాలి లేస్తే భయం. కానీ ఈ ఎండాకాలం వాటన్నిటినీ పక్కకు నెట్టేసి ఒకే ఒక్క భయం ఇల్లంతా పరుచుకుని కూర్చుంది. అది మునీంద్ర కుడి మోకాలు.

మునీంద్ర షుఐబా ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. పొద్దున్నే నిలువు నిచ్చెన ఎక్కి పైనున్న చిన్న గదిలో కూర్చుంటేనే పని. ఆ నిచ్చెన ఎక్కాల్సిన కాలు శుక్రవారం బాస్కెట్‌బాల్ ఆడి వచ్చేసరికి ఉబ్బిపోతోంది. శనివారం గోడ పట్టుకుని నడుస్తాడు. కాలు పోతే పని పోతుంది, పని పోతే ఈ అరబ్బు దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే ముగ్గురూ బట్టలు సర్దుకుని ఊరికి పోవాల్సిందే. కూతురు మోక్షితను ఈ ఏడే ఒకటో తరగతిలో వేశారు. తనను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించిన రోజు వెంకటేశ్వరికి ఇప్పటికీ గుర్తే. పుస్తకాల సంచి అటక మీదికి ఎక్కింది, మళ్లీ దిగలేదు. తన బిడ్డ సంచి అట్లా ఎక్కకూడదు.

"ఇంగ ఆట మానుకోబ్బా," అని ఎన్నిసార్లు చెప్పిందో.

"నేను మానుకుంటే జట్టులో పొడుగోడు ఎవడుండాడు? అందరూ నా చంకల కిందికొచ్చేటోళ్లే," అనేవాడు మునీంద్ర. "ఒక పొడుగోన్ని చూపీ, ఆ పొద్దే మానేస్తా. ఒట్టు."

అట్లాంటివాడు ఒకడు దిగనే దిగాడు. పేరు రామాంజులు. రాయచోటి దగ్గరి పిల్లవాడు, మిర్కాబ్‌లో ఒక ఆఫీసుకు డ్రైవర్‌గా వచ్చాడు. తలుపు దాటాలంటే తల వంచాలి. పాలిటెక్నిక్‌లో బాస్కెట్‌బాల్ ఆడి కప్పులు తెచ్చాడట. అతను వచ్చాడని తెలిసిన వారం నుంచీ ఇక్కడి తెలుగువాళ్ల నాలుగు జట్లలోనూ ఇంకో మాట లేదు.

అయితే అతన్ని ఎవరు పడితే వాళ్లు ఎగరేసుకుపోవడానికి లేదు. ఈ శుక్రవారం ఆటలన్నీ నడిపేది గురుమూర్తి సార్. విజయవాడ ఇంజనీరు, అమెరికా ఆటలు చూసి చూసి అక్కడి పద్ధతే ఇక్కడా పెట్టాడు. సీజన్ అయ్యాక కొత్తగా వచ్చిన ఆటగాళ్లను లాటరీ తీసి పంచుతారు. ఓడిపోయిన జట్టుకే ఎక్కువ అవకాశం. అక్కడ బంతులు వేస్తారట. ఇక్కడ షుఐబా పనివాళ్లు చెత్తలో పారేసిన ఇనుప నట్లు ఏరుకొచ్చారు, పిడికిట్లో పట్టేంత పెద్దవి. ఒక్కో జట్టు తన రంగు టేపు చుట్టుకుని తన నట్లు తానే తెచ్చుకోవాలి. అట్టడుగు జట్టు నాలుగు వేస్తుంది, దాని పైది మూడు, ఆ పైది రెండు, గెలిచిన జట్టు ఒక్కటే. ఏ రంగు నట్టు చేతికొస్తే ఆ జట్టు ముందుగా మనిషిని కోరుకుంటుంది.

రిగ్గై అట్టడుగున ఉంది. దాని పైన మిర్కాబ్. సీజన్ చివరి ఆట ఈ రెండింటికే.

"ఈ పొద్దు ఓడితే నాలుగు, గెలిస్తే మూడు," అంది కింది అంతస్తు నూర్ బీ, మెట్ల మీద కొత్తిమీర కట్టలు విప్పుతూ. ఆమెదీ రాయచోటే. మొగుడు అబ్దుల్ సలాం రిగ్గై జట్టుకు నీళ్లందించే పని తప్ప ఇంకేమీ చేయడు గానీ, ఆమె మాత్రం జట్టంతా తనదే అన్నట్టు మాట్లాడుతుంది. "ఒక్క నట్టే గదమ్మే తేడా. దానికింత దిగులా?"

"ఆ ఒక్కటే చేతికొచ్చే నట్టు అయితే, అక్కా?"

"అట్లయితే మీ ఆయనకు చెప్పు. ఉత్తుత్తికే కాలు జారినట్టు పడిపొమ్మను."

"చెప్పినా. 'ఓడేదానికి షూలు ఎందుకేసుకునేది, చెప్పులేసుకొని పోతా గదా' అన్యాడు."

నూర్ బీ కొత్తిమీర వదిలేసి నవ్వింది. "పోయినేడు ఫర్వానియావాళ్లు అట్లనే సోదిగా ఆడి అట్టడుక్కు పోయిరి. నాలుగు నట్లేసిరి. ఏమొచ్చె? గెలిచినోళ్ల ఒక్క నట్టే వచ్చె. ఆ పాపం ఊరికే పోతాదా?"

ఒక్క నట్టయినా రావచ్చన్న మాట వెంకటేశ్వరికి ధైర్యమూ ఇచ్చింది, పాపమన్న మాట భయమూ పెట్టింది.

ఆట జరిగే హాలు రెండు సందుల అవతల, ఒక బడిది. నడిచి వెళ్లేలోపే చెప్పులు కాలిపోయేంత ఎండ. వెంకటేశ్వరి ఒక చేత్తో ఐసు పెట్టె, ఒక చేత్తో మోక్షితను పట్టుకుని లోపలికి వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే, గోడకు దగ్గరగా కూర్చుంది. పెట్టెలో ఐసు మొగుడి మోకాలికి. ఆట చూడ్డానికి కాదు తాను వచ్చేది, ఆ మోకాలికి కాపలా కాయడానికని నూర్ బీతో ఎన్నోసార్లు చెప్పింది.

ఆట మొదలైంది. ఓడితే మేలు అనుకుంటూ చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. మొదటి సగం రిగ్గై బాగా వెనకబడింది. హమ్మయ్య అనుకుంది. రెండో సగంలో మిర్కాబ్ కుర్రాడు ఒకడు మునీంద్రను భుజంతో తోసి, "తాతా, పక్కకు జరుగు, రామాంజులు మా ఆఫీసోడు, మాకే వస్తాడు," అన్నాడు.

వెంకటేశ్వరి చేతులు ఒళ్లోంచి లేచాయి.

"ఎవుర్రా తాత? మీ నాయన తాత!"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమెకు అదేమీ కనబడలేదు. అక్కడి నుంచి ఆమె కూర్చున్నదే లేదు. "వెనకాల సూడు! వెనకాల! ఆ పసుపు షూలోన్ని వదలద్దు!" అని గొంతు చిట్లేలా అరిచింది. మోక్షిత ఆట చూడ్డం మానేసి అమ్మనే చూస్తోంది, నోరంతా తెరుచుకుని నవ్వుతూ. ఆఖర్న రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు బంతి మునీంద్ర చేతికి వచ్చింది.

"వెయ్యబ్బా! వెయ్యీ!"

అతను ఎగిరాడు. బంతి రింగు మీద తిరిగి తిరిగి లోపల పడింది. అతను కింద పడ్డాడు.

రిగ్గై గెలిచింది. వెంకటేశ్వరి పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. తిప్పుతూ ఉండగానే గుర్తొచ్చింది, తాను పొద్దున ఏం మొక్కుకుందో. పిల్లను దించి పరిగెత్తింది.

"ఏం కాల్యా. ఏం కాల్యా," అంటూనే మునీంద్ర నేల మీద నుంచి లేవలేకపోయాడు. అబ్దుల్ సలాం పట్టి లేపాడు. ఆమె ఐసు గుడ్డలో కట్టి మోకాలికి పెట్టింది.

"నేను చెప్పినట్టు ఇంటివా?"

"నువ్వే గదా వెయ్యమని అరిస్తివి?" అన్నాడతను నొప్పిలోనే నవ్వుతూ. తన సంచిలోంచి ఆకుపచ్చ టేపు చుట్టిన మూడు నట్లు తీసి ఆమెకిచ్చాడు. "ఇవి నీకాడ పెట్టు. మొగం కడుక్కోనొస్తా. ఈ తూరి నట్టు తీసేది మన పాపే. సారు చెప్పినాడు."

అతను కుంటుకుంటూ వెళ్లాడు. వెంకటేశ్వరి ఆ నట్లను చూస్తూ ఉండిపోయింది. నాలుగు ఉండాల్సినవి.

"దిగులుపడితే నట్లు పిల్లలు పెడతాయా?" అంది పక్కన కూర్చున్న నూర్ బీ. "ఆ ఐసులో ఎయ్యరాదా? చల్లంగా ఉంటే పాప చేతికి తెలుస్తాది. మనదే వస్తాది." అని తన జోకుకు తానే నవ్వుకుని చాయ్ తెచ్చుకోవడానికి లేచింది.

ఆమె నవ్వుతూనే పోయింది. వెంకటేశ్వరి నవ్వలేదు. అటూ ఇటూ చూసి మూడు నట్లనూ ఐసు ముక్కల కిందికి తోసి మూత పెట్టింది. ఇనుము చలిని పట్టుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసే మునీంద్ర స్టీలు టిఫిన్ డబ్బా వల్ల ఆమెకు తెలిసిన సంగతే.

పిల్లను దగ్గరికి లాక్కుని, జడ సర్దుతున్నట్టు వంగి చెవిలో చెప్పింది. "మోక్షీ, గిన్నెలో చెయ్యి పెడతావు గదా, చల్లంగా ఉండేది తియ్యాల. సరేనా?"

"ఎందుకు మా?"

"అప్పుడు ఆ పొడుగు మామ మన జట్టుకొస్తాడు. నాయిన ఇంగ ఆడాల్సిన పనుండదు. మనం శుక్రారం ఇంట్లోనే నిమ్మళంగా ఉండచ్చు."

మోక్షిత అమ్మ చీర కొంగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

చాయ్ అయ్యాక అందరూ గుండ్రంగా చేరారు. రామాంజులు ఒక పక్కన, పెళ్లిచూపుల్లో పెళ్లికూతురిలాగా తల వంచుకుని నిలబడ్డాడు. గురుమూర్తి సార్ పెద్ద అల్యూమినియం గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఎవరి నట్లు వాళ్లు వేయండమ్మా," అన్నాడు. మిర్కాబ్‌వాళ్ల నాలుగూ ఠంగుఠంగుమని పడ్డాయి. వెంకటేశ్వరి మూడింటినీ కొంగుతో తుడిచి వేసింది. మిగిలిన రెండు జట్లవీ పడ్డాక నూర్ బీ తన దుపట్టా తీసి పాప కళ్లకు కట్టింది.

చిన్న చెయ్యి గిన్నెలోకి దిగింది. కాసేపు తిరిగింది. ఒకచోట ఆగింది. ఆగిందని వెంకటేశ్వరికి స్పష్టంగా కనబడింది. వేళ్లు దేన్నో పట్టుకుని, కొంచెం ఎత్తాయి కూడా.

వేళ్లు వదిలేశాయి. పక్కకు జరిగి ఇంకోదాన్ని పైకి తీశాయి.

ఎరుపు టేపు. మిర్కాబ్!

మిర్కాబ్ కుర్రాళ్లు రామాంజులును ఎత్తుకోబోయి ఎత్తలేక నవ్వారు. "తాతా" అన్నవాడు వచ్చి మునీంద్రను కౌగిలించుకున్నాడు. "అన్నా, నువ్వు గెలవబట్టే మాకు నాలుగు నట్లొచ్చినాయి. నీ పుణ్యం!" అన్నాడు. నూర్ బీ తలకొట్టుకుంది.

ఐసు కరిగి నట్లు వేడెక్కిపోయాయేమో అనుకుంది వెంకటేశ్వరి. గిన్నెలోంచి తమ మూడింటినీ వెనక్కి తీసుకుంటూ పట్టి చూసింది. ఇంకా చల్లగానే ఉన్నాయి.

ఇంటికి నడుస్తుంటే ఎండ తగ్గింది. మునీంద్ర ఆమె భుజం మీద చెయ్యి వేసి కుంటుతున్నాడు. ఇంకో సందు ఉందనగా ఆమె ఆపుకోలేకపోయింది.

"మోక్షీ, చల్లటిది దొరకల్యా?"

"దొరికింది. వదిలేసినా."

"ఏంది చల్లటిది?" అన్నాడు మునీంద్ర. తల్లీ బిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాచలేక వెంకటేశ్వరి చెప్పేసింది, ఐసు పెట్టె సంగతంతా. అతను నడక ఆపి, వీధిలైటు స్తంభానికి ఆనుకున్నాడు.

"మోసం చేస్తివే, వెంకటీ?"

"చేసినా. నీ కాలు కోసం చేసినా. మళ్లీ చెయ్యమన్నా చేస్తా," అందామె. "పొద్దునపూట ఆ నిచ్చెన నువ్వెక్కుతాంటే ఇంట్లో నాకు గుండెకాయ నోట్లోకొస్తాది. నీకు తెలీదు."

అతను పిల్ల వైపు తిరిగాడు. "నువ్వెందుకు వదిలేస్తివమ్మా? నాయిన ఆడాలనా?"

మోక్షిత అడ్డంగా తలూపింది. "పొడుగు మామ వస్తే మనం శుక్రారం ఇంట్లోనే ఉండాల అన్యాది అమ్మ. ఇంట్లో అమ్మ అరవదు. ఊరికే 'జాగ్రత్త, జాగ్రత్త' అంటాది. హాల్లో అయితే అరుస్తాది, ఎగురుతాది, నన్ను తిప్పుతాది. నాకు ఆ అమ్మ ఇష్టం."

వెంకటేశ్వరి కళ్లు తుడుచుకోవడానికి కొంగు ఎత్తింది. నట్లు తుడిచిన చోట కొంగు ఇంకా తడిగానే ఉంది.

"అంటే," అన్నాడు మునీంద్ర మెల్లగా, "నీకు కావాల్సింది అమ్మ అరిచేది. నేను ఎగిరేది కాదు."

"నువ్వు ఎగిరితే పడతావు గదా నాయినా," అంది మోక్షిత, అది అందరికీ తెలిసిందే కదా అన్నట్టు.

అతను పెద్దగా నవ్వాడు. నవ్వి, భుజం మీది చేతిని ఇంకొంచెం బరువుగా వేశాడు. "అట్లయితే ఖలాస్. రేపే డాక్టరుకు చూపిచ్చుకుంటా. వచ్చే సీజన్ మీ పక్కనే కూర్చుంటా. ముగ్గురం కలిసి అరుద్దాం."

"ఒట్టు?" అంది వెంకటేశ్వరి.

"ఒట్టు. పొడుగోడు వచ్చినా రాకపోయినా."

"మరి మన జట్టు మళ్లీ లాస్టుకు పోతాది గదా?" అంది మోక్షిత దిగులుగా.

"పోతే పోనీలే," అంది వెంకటేశ్వరి. ఇంత చిన్న మాట ఇంత తేలిగ్గా తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "నాలుగు నట్లొస్తాయి."

"వాటిని మాత్రం నూర్ బీ అక్కకాడ పెట్టద్దు, నీకాడా పెట్టద్దు," అన్నాడు మునీంద్ర. "గురుమూర్తి సారుకు నేనే చెప్తా, నట్లన్నీ ముందే ఆయన కాడ పెట్టుకోమని."

మెట్ల దగ్గర మోక్షిత రెండేసి మెట్లు దూకుతూ పైకి పరిగెత్తింది. 'జాగ్రత్త' అనే మాట వెంకటేశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "వెయ్యీ! వెయ్యీ!" అని కేకేసింది. మూడో అంతస్తు నుంచి నవ్వు గలగలా దొర్లుకుంటూ కిందికి వచ్చింది.