గట్క గిర్ని

సారవ్వ మొగుడు లింగమూర్తికి బొగ్గుబాయిలో మంచి ఫిట్టరని పేరు. ఆ పేరు బాయిలోనే ఉండిపోయేది. డ్యూటీ దిగేటప్పుడు ఇంటికి తెచ్చుకునేవాడు కాడు. మంచం కోడు ఊగితే దాని కింద పేపరు మడిచిపెట్టి, రిపేరయిందనేవాడు. యూనియన్ మీటింగులో మాత్రం సర్కారునే రిపేరు చేస్తానని లేచేవాడు. ఇలాంటి మనిషితో కాపురం ఎట్ల చేస్తున్నవని ఎవరైనా అడిగితే, "షిఫ్టులల్ల" అనేది సారవ్వ.

ఆ ఏడు సమ్మె మొదలై నెల దాటింది. కాలనీ గేటు దగ్గర పోలీసులు దిగారు. మనిషి బయటికి పోవచ్చు, బస్తా పోకూడదు. పల్లెల్లోని చుట్టాలు ముందే బండ్ల మీద పంపిన మక్కజొన్నలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. వాటిని ఆడించడానికి కాలనీలో ఉన్నది ఒకటే పిండి గిర్ని. అది లేబర్ కాంట్రాక్టర్ వేంకటరమణది.

ఆ పొద్దు వరుసలో సారవ్వ ముందు కరీమున్నీసా నిలబడింది. వేంకటరమణ వారం రోజులుగా చేస్తున్నట్టే ఆమె డబ్బా తీసి గడప బయట పెట్టాడు.

"మీ రజాక్ డ్యూటీ ఎక్కిండా?"

"లేదు సేటూ."

"ఎక్కినోళ్లయి ముందుగాల ఆడాలె. మీయి ఆఖరుకు."

"ఆఖరంటే ఎప్పుడు?"

"నీ మొగడు ఎక్కిననాడు."

సారవ్వ తన డబ్బా కూడా ఎత్తుకుని బయటికొచ్చింది. దారిలో బుచ్చన్న గడపలో కూర్చుని బూట్లకు పట్టిన దుమ్ము తుడుస్తున్నాడు. పిల్లల ఏడుపు వినలేక రేపు డ్యూటీ ఎక్కుతున్నాడట. బుచ్చన్న ఎక్కితే ఆ లైనులోని ఇళ్లవాళ్లంతా ఎక్కుతారు. లైనుకు ఉన్నది ఒకటే ఇసుర్రాయి. అది తిప్పి తిప్పి సారవ్వ చేతులు బొబ్బలెక్కాయి.

సాయంత్రం మీటింగులో సారవ్వ లేచి గిర్ని సంగతి చెప్పింది. లింగమూర్తి అందరి ముందు చెయ్యి ఊపాడు.

"సమ్మె బొగ్గు మీద, పిండి మీద కాదు. ఆడోళ్ల పొయ్యి పంచాయితీ దీంట్ల కలిపితే డిమాండ్లు పల్చబడ్తయి."

మగవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇంకొన్ని కొట్టుండ్రి," అంది సారవ్వ. "ఎసట్ల పోస్త."

తెల్లారి కరీమున్నీసా తమ్ముడు, సైకిల్ షాపు మహబూబ్ రెండు బోరు పైపు ముక్కలు తెచ్చాడు. అంతకుముందే వాటి మధ్యలో కడ్డీ పెట్టి సిమెంటు పోసి ఆరబెట్టాడు. అక్క బాధ చూసి, గింజను నలిపే రోలర్లు చెయ్యాలని నాలుగు రోజులుగా అదే పనిలో ఉన్నాడు. గోడ అవతల కంపెనీ తుక్కు కుప్పలుగా పడి ఉంది.

"దాన్ని ముట్టకు తమ్మీ. దొంగతనం కేసు పెడ్తరు," అంది సారవ్వ.

ఆ ఊగే మంచం పట్టెలు విప్పి చట్రం చేశారు. లింగమూర్తి సైకిల్ పెడలు, చైను ఆయన్ని అడక్కుండానే ఊడదీసుకున్నారు. పైన రేకు డబ్బా బిగించి మక్కలు పోసి పెడలు తిప్పారు. నున్నటి రోలర్ల మీద గింజలు పెండ్లి ఊరేగింపులాగా ఎగిరాయి తప్ప ఒక్కటీ లోపలికి దిగలేదు. ఆడవాళ్లు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎదురింట్లో బుచ్చన్న బూట్లు తొడుక్కున్నాడు.

సైకిల్ వెతుక్కుంటూ వచ్చిన లింగమూర్తి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"గంత నున్నగుంటే గింజను ఎట్ల పట్టుకుంటదే? గీతలు కొయ్యాలె."

"నోటితోటి గీతలు పడయి. కూసో."

కూర్చున్నాడు. రంపం బ్లేడు పట్టుకుని రెండు రోలర్ల మీదా ఏటవాలు గీతలు కోశాడు. బ్లేడు వేళ్లను కోసినా లేవలేదు. ఈసారి పెడలు తిప్పితే గింజ పట్టుబడి, పటపట పగిలి కింద గుడ్డ మీద రాలింది. పిండి కాదు, నూక. నూకతో రొట్టె కాదు, చిక్కటి జావలా ఉడికే గట్క అవుతుంది.

బుచ్చన్న వచ్చి చేతిలోకి తీసుకుని చూశాడు. "గట్కనా? ఊరిడిసి బాయికొచ్చిందే గట్క తినలేక."

"గట్క తింటే పోయే పరువు, దొంగ డ్యూటీ ఎక్కితే వస్తదా బావా?" అంది సారవ్వ.

బుచ్చన్న ఒక బూటు విప్పాడు. రెండోదానితో చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత దాన్నీ విప్పి, "ఏది, ఇటియ్యి" అని పెడలు అందుకున్నాడు.

ఆ రోజు గట్క ఇళ్లలో ఎవరూ తినలేదు. గేటు దగ్గరి పోలీసులకు కనపడేలా లైన్ల మధ్య బజార్లో కూర్చుని తిన్నారు. వేంకటరమణ గిర్ని ముందు వరుస ఆగిపోయింది. డ్యూటీ ఎక్కేవాళ్ల వరుసా ఆగిపోయింది.

అందుకే పోలీసులు వచ్చారు. జీపులో ఇన్‌స్పెక్టర్ పక్కన వేంకటరమణ ఉన్నాడు.

"ఈ పైపులు కంపెనీయి. దొంగసొత్తు," అన్నాడు వేంకటరమణ.

"కాదు సాబ్, నా షాపుల ఉన్నయే," అన్నాడు మహబూబ్. ఎవరూ వినలేదు.

"చేసిందెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మహబూబ్ అడుగు వేయబోతే లింగమూర్తి భుజం అడ్డం పెట్టి ముందుకొచ్చాడు. కోసుకుపోయిన వేళ్లు చూపించాడు. అతన్ని జీపులోకి తోశారు. మిషను కోసం వచ్చిన జవాన్లకు మాత్రం దారి దొరకలేదు. ఆడవాళ్లు దాని చుట్టూ ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. లాఠీ ఒకటి కరీమున్నీసా భుజం మీద పడింది. ఆమె లేవలేదు. నడుమ సారవ్వ పెడలు తిప్పుతూనే ఉంది. కింద నూక రాలుతూనే ఉంది. మగవాళ్లు ఇళ్లలోంచి వచ్చి జీపు ముందు నిలబడ్డారు.

లింగమూర్తి జీపు వెనక కడ్డీ పట్టుకుని లేచాడు. మీటింగులో లేచినట్టు లేవలేదు. తల పైన తగలకుండా వంగి లేచాడు.

"అన్నలారా, పొయ్యి ఆరితే బాయి నడుస్తదని ఈ సేటుకు తెలిసింది. సారవ్వకు తెలిసింది. నాకే తెల్వలే. మీ అందరి ముందట చెప్తున్న. నేనన్నది తప్పు."