కుంటిపిల్లికి దొరికిన చోటు

తమ్ముడు వెదాత్ రాసిన నవలను ముకెర్రెమ్ ఏకబిగిన చదివేసింది. చదువుతున్నకొద్దీ కడుపు మండింది.

ఏడువందల ఏళ్ళ కిందటి కథ అది. ఉన్నిని వేడినీళ్ళతో తడిపి, మర్దించి, గట్టి కంబళిగా మార్చే పనివాళ్ళ సంఘం గురించి. అందులో దురాలీ ఉస్తాదు గొంతు పెంచడు, చెయ్యెత్తడు, ఒకరికి పెట్టందే తినడు. చివర్లో కొడుకు నడుముకు పట్టీ కట్టి ఉస్తాదును చేస్తాడు. "అచ్చం మీ నాన్న హంజాయే" అని వాళ్ళ ఊరు అఫ్యోన్‌లో బజారంతా ఆమెతో అంటోంది.

హంజాకు ఒక చెయ్యి పడిపోయినప్పుడు బడి మాన్పించి పనిలో దింపింది ఆమెనే. ఆవిరికి మోచేతులు బొబ్బలెక్కేవి. తన చెయ్యి ఆగితే నాన్న రెండో చేత్తో కొట్టే దెబ్బకి వీపు చిట్లేది. తీరా పట్టీ కట్టే రోజొచ్చేసరికి పని రాని తమ్ముడికి కట్టాడు. వాడేమో ఏడాది తిరక్కుండా చదువని అంకారా వెళ్ళిపోయాడు. నాన్న కంబళ్ళ దుకాణం ఆమె రెక్కల మీదే నడిచింది.

పుస్తకం సభలో వెదాత్ కాపరుల ఉన్ని అంగీ కప్పుకుని వేదికెక్కాడు. అది ఆమె చేసిందే. "ఒక్క పూటకి ఇవ్వక్కా" అని పట్టుకెళ్ళాడు.

ఒకావిడ లేచి అడిగింది. "ఆ సంఘాల్లో ఆడవాళ్ళు లేరాండీ?"

"వాళ్ళు ఇంటికి దీపాలమ్మా. సంఘం మగవాళ్ళది" అన్నాడు వెదాత్.

ముకెర్రెమ్ లేచింది. "ఆ అంగీ విప్పరా."

"మా అక్క. నేనంటే ప్రాణం" అన్నాడు వెదాత్, జనం వైపు తిరిగి. జనం నవ్వారు.

"ప్రాణం లేదు, పాడూ లేదు. ఏడువందల ఏళ్ళ నాటి సంగతి నీకూ తెలీదు, నాకూ తెలీదు. కానీ నువ్వు రాసింది మన ఇల్లే కదరా. మన పొయ్యి పెట్టావు, సొట్టపోయిన బిందె పెట్టావు, ఆఖరికి మన కుంటిపిల్లిక్కూడా చోటిచ్చావు. నేనే కనపళ్ళేదా నీకు?"

"అక్కా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"నీ ఉస్తాదు ఎవర్నీ కొట్టడట. నాన్న నిన్ను కొట్టలేదు, అంతే. విప్పు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెదాత్ తల దించుకుని అంగీ విప్పాడు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని బయటికి నడిచింది. వెనక్కి చూడలేదు.

కొన్ని నెలలకు రెండో ముద్రణ పంపించాడు. ఇప్పుడు ఉస్తాదుకో కూతురుంది. చల్లటి మజ్జిగ తెచ్చి అందరికీ ఇస్తుంది, నవ్వుతుంది, లోపలికి వెళ్ళిపోతుంది.

ముకెర్రెమ్ ఫోన్ చేసింది. "ఆ మజ్జిగ పిల్లెవతిరా?"

"నువ్వే కదక్కా అడిగావు, కనపళ్ళేదా అని."

ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు నిచ్చెన వేసుకుని దుకాణం మీది బోర్డు తనే ఊడదీసింది. దాని మీద 'హంజా, కుమారుడు' అని ఇంకా ఉంది. కొత్తది రాయించేదాకా గోడ బోసిగా ఉన్నా ఫరవాలేదనుకుని, లోపలికెళ్ళి ఉన్ని తడిపింది.