అరుంధతి కాలనీ సంత

తబితా చెనిక్కాయల పొడి దంచుతోంది. ముందురోజే ప్రొద్దుటూరు అంగడాయన ఆమె డబ్బాలన్నీ తిప్పి ఇచ్చేశాడు. "పొడి శానా బాగుంటాదిమ్మా. డబ్బా మీద అడ్రస్ చూసి మళ్లీ ఆడనే పెట్టేసి పోతాండారు. ఆ చీటీ పీకేసి తీసుకరా, అమ్మిపెడతా." చీటీ మీదున్నది తబితా, అరుంధతి కాలనీ, జమ్మలమడుగు అని మాత్రమే. ఆయన గొంతులో కోపం లేదు. తనకూ కోపం రాలేదు. రాకపోవడమే ఆమెకు వింతగా తోచింది.

భర్త ఎడ్విన్ హైస్కూలు టీచరు. ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ, "పీకేస్తే పాయె. ఇల్లు యాడని స్టాఫ్‌రూంలో అడిగితే బస్టాండు ఎనకాల అంటా నేను. పదైదేండ్లుగా అదే చెప్తాండా" అన్నాడు. తబితా చొక్కా అందించింది. పదిహేనేళ్లుగా తాను ఊడ్చి, కడిగి, వండిపెడుతున్న ఇల్లు ఆ స్టాఫ్‌రూం లెక్కలో లేనేలేదన్నమాట.

ఆ వారమే పులివెందులలో తోలు చెప్పులు కుట్టే కమలమ్మ దగ్గరికి వెళ్లింది.

"మన పేర్లు పెట్టుకోని మనమే ఒక సంత పెడదామా పిన్నమ్మా?"

"కొనేదెవురే?"

"ముందు మనోళ్లు. మనోళ్లన్నా మన కాడ కొంటాండారా ఇప్పుడు?"

కమలమ్మ కుట్టు ఆపింది. "నా బిడ్డ పెండ్లికి నేనే షాపులో కొన్నా చెప్పులు" అంది.

నాలుగు నెలలు పట్టింది. ఇంటిపని ముగించుకుని బస్సులెక్కి, డప్పులు కట్టేవాళ్లనూ, బట్టలు కుట్టేవాళ్లనూ, చాపలల్లేవాళ్లనూ, సంగటి వండే రాహేలక్కనూ అడిగింది. పదహారు మంది ఒప్పుకున్నారు. సంఘపెద్దలు చర్చి ఆవరణ ఇచ్చారు.

సంతకు మూడు రోజులుందనగా ఎడ్విన్ ఫ్లెక్సీ తెచ్చాడు. 'హోమ్ ప్రొడక్ట్స్ మేళా' అని పేరు. కింద మామ జ్ఞానప్రకాశం, ఎడ్విన్, సంఘపెద్దల ఫొటోలు. ఆడమనిషి ఫొటో ఒక్కటీ లేదు. కాలనీ పేరూ లేదు.

"శనివారం సంతకొచ్చే పెద్దోళ్లు ఇరవై మంది మనింటికే భోజనానికి వస్తారు తబితా. నీ చేతి వంటయితేనే రుచి. సంత ఆ అమ్మేవాళ్లే చూసుకుంటార్లే" అన్నాడు మామ. మెచ్చుకోలు వచ్చిన ప్రతిసారీ వెనకాలే ఒక పని వస్తుందని ఆమె ఎప్పుడో గమనించింది.

శనివారం తెల్లారగానే పొయ్యి ముట్టించకుండా చర్చికి వెళ్లింది. రాత్రే కుట్టించిన గుడ్డ బ్యానరు గేటుకు కట్టింది: అరుంధతి కాలనీ సంత. కింద పదహారు పేర్లు. డప్పు మోగింది. జనం విరగబడి రాలేదు గానీ, వచ్చినవాళ్లు వట్టి చేతులతో పోలేదు.

మధ్యాహ్నం ఎడ్విన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "పొయ్యే ముట్టీలేదే! పెద్దోళ్లు కూచోనుండారు. నాయనకు తలకాయ ఎత్తుకునేటట్ల లేదు. ఏం పెట్టాల వాళ్లకు?"

తబితా డబ్బా మూత బిగించి కొనేవాళ్లకు అందించింది. "రాగిసంగటి రాహేలక్క అంగట్లో ఉంది. ఈడికొచ్చి కొనుక్కోని తినమను. నువ్వు కొనుక్కునేటప్పుడు నాకూ ఒక ప్లేటు తీసుకరా. ఆకలైతాంది."