కొండలయ్య గుండె చెరువైంది

కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది కొండలయ్య గుండె చెరువైంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే కొండలయ్యే అందరికీ చెప్పాడు. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టం ముందూ గుండె మీద చెయ్యేసుకుని, "నా గుండె చెరువైపోయింది బావా" అనేవాడు. వాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. ఆయన భార్య సన్యాసమ్మ వాళ్ళకి మజ్జిగ అందించి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేది. ఆమె గుండె సంగతి ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే తీరిక ఆమెకి లేదు.

భార్య వైపు చూపించి ఆయన ఇంకో మాట కూడా అనేవాడు. "దీని మాట విని చెరువు తవ్వించా, నిండా మునిగా."

అబద్ధం. ఆ చెరువు పూర్తిగా ఆయన పంతం. "మనకి చేపలు పట్టే మావులు చాలయ్యా, ఆ వెదురు బుట్టల్లో పడ్డ చేపలమ్మే మా అమ్మ మమ్మల్నందర్నీ సాకింది" అని సన్యాసమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. ఇప్పుడు నలుగురిలో నింద తన మీద పడితే మింగి ఊరుకుంది. మునిగేవాడు చేతికందినదాన్ని పట్టుకున్నాడు, అదీ లాగేస్తే ఏమైపోతాడోనని ఆమె భయం. ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని రాత్రిళ్ళు గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. పడుకోవడం పేరుకే, కన్ను మూసేది కాదు. చెరువు పోయినా ఆ ఇల్లాలికి కాపలా తప్పలేదు.

ఒక పొద్దున ఆమె పెరట్లో బియ్యం కడుగుతోంది. వీధరుగు మీద ఆయన కొత్తగా వచ్చిన ఎవరికో అదే మాట చెబుతున్నాడు, "దీని మాట విని..." అని. ఆమెకి గుండెల్లో పట్టేసింది. ఒళ్ళంతా చెమటలు, ఊపిరందలేదు. వరసకి మరిది అయిన వెంకటప్పయ్య కారు మాట్లాడి విజయవాడ ఆసుపత్రికి చేర్చాడు. ఈసీజీ తీసి గుండెపోటన్నారు. యాంజియోగ్రామ్ చేసి, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయన్నారు.

"ఏమీ లేదంటగా, గ్యాసై ఉంటది. పోదాం పద" అన్నాడు కొండలయ్య, సగం ఊరటగా, సగం విసుగ్గా.

"ఏమీ లేకపోవడం కాదండీ" అంది డాక్టర్ ఉష. "నాళాల్లో అడ్డం లేదు, అంతవరకే. దిగులో భయమో ఒక్కసారిగా ముంచెత్తితే ఒంట్లో పుట్టే హార్మోన్లు గుండెని మొద్దుబార్చేస్తాయి. పైభాగం కొట్టుకుంటుంది, కిందిభాగం ఉబ్బిపోయి కదలదు. కొన్ని వారాల్లో మళ్ళీ మామూలవుతుంది, కానీ ఈ నాలుగు రోజులూ ప్రమాదమే. ఏం కష్టమొచ్చిందమ్మా నీకు?"

జవాబు కొండలయ్య చెప్పాడు. "దానికేం కష్టమండీ? చెరువు పోయింది నాకండీ! ఏడ్చింది నేనైతే గుండెపోటు దానికి రావడమేంటండీ?"

డాక్టరమ్మ మంచం వైపు తిరిగింది. కాగితం మీద బొమ్మ గీసి సన్యాసమ్మకి చూపించింది. సన్నటి మెడ, కింద గుండ్రటి పొట్ట. "నీ గుండె ఇప్పుడిలా ఉంది. జపాన్ వాళ్ళు సముద్రంలో ఆక్టోపస్‌ని పట్టే కుండ ఇలాగే ఉంటుందట. ఈ జబ్బుకి ఆ కుండ పేరే పెట్టారు."

సన్యాసమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. "మావండి ఇది" అంది. "మాయమ్మ అల్లేది. మూతి సన్నంగా ఉంటదండి. లోపలికెళ్ళింది మళ్ళీ బయటికి రాదు."

"మరి ఇందులోకి ఏం వెళ్ళింది?"

కొండలయ్య నీళ్ళ సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు. ఆమె ఆయన వంక చూడలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదామెకి.

"చెరువొద్దన్నది నేనండి" అంది, పొద్దుటి కూరేమిటో చెప్పినట్టు.

డాక్టరమ్మ వెళ్ళాక వెంకటప్పయ్య ఇడ్లీ పొట్లంతో వచ్చాడు. "ఏమైందన్నారన్నయ్యా వదినకి?"

కొండలయ్య చెయ్యి అలవాటు కొద్దీ తన గుండె మీదికి పోయింది. నోరు తెరిచాడు. మంచం మీద కాగితం కనబడింది. చెయ్యి దించేశాడు.

"చెరువు మీ వదిన వద్దందిరా. నేనే వినలేదు. నెపం దాని మీదకి తోసి ఊరంతా చెప్పుకున్నా."

ఈ మాట వింటే ప్రాణం లేచొస్తుందనుకుంది సన్యాసమ్మ ఇన్నాళ్ళూ. తీరా వింటే నిద్ర ముంచుకొచ్చింది. దుప్పటి మీదికి లాక్కుంది.

"ఈ పూట నువ్వు కాపలా కాయయ్యా. నేను పడుకుంటా."

"కాపలా ఏంటే?"

"గుమ్మానికడ్డంగా ఎందుకు పడుకున్నాననుకున్నావు ఇన్నాళ్ళూ?"

కొండలయ్య ముఖం పాలిపోయింది. ఆమె అప్పటికే కళ్ళు మూసుకుంది. ఆయన స్టూలు లాక్కొచ్చి, మంచానికీ గుమ్మానికీ మధ్య కూర్చున్నాడు.