బదులు లేని కూత

విరబిల్లాలో పాటల పండగ రొట్టెలకి వెన్న రాయడంతో మొదలవుతుంది. శుక్రవారం పొద్దున్నే ఊరి హాలు వంటగదిలో పొడవాటి బల్ల చుట్టూ ఆడవాళ్ళు చేరతారు. ఒకరు రొట్టె ముక్కలు పరుస్తారు, ఒకరు వెన్న రాస్తారు, ఒకరు గుడ్డు ముద్ద పెడతారు, చివర నిలబడినావిడ అంచులు కోస్తుంది. ఇదివరకు మోచేతులు తగిలి తిట్టుకునేంత మంది ఉండేవాళ్ళు. ఈ ఏడు మోచేయి తగలాలంటే పక్కకి జరగాల్సి వచ్చింది.

"గుడ్డు కాస్త దండిగా పెట్టవే ఈనిడ్, నీ సొమ్మేం పోయింది?" అంది బెరిల్ క్వేడ్. ఆమె మహిళా మండలి అధ్యక్షురాలు. పోటీకి నిలబడేవాళ్ళంతా ఊరొదిలి పోవడంతో ప్రతి ఎన్నికలోనూ ఏకగ్రీవంగా గెలుస్తోంది.

"నా కోళ్ళే పోయాయి. తాగడానికి వాటికి నీళ్ళేవీ?" అంది ఈనిడ్.

అంచులు కోస్తున్నది మెర్నా టాలీ. పోయినేడు ఈ పని చేసినప్పుడు ఆమెకి భర్త ఉన్నాడు, మంద ఉంది, కుక్క ఉంది. జూలైలో, మేత లేక చివరి గొర్రెల్ని తుపాకీతో కాల్చి గోతిలో పూడ్చిన వారం, భర్త క్లెమ్ కంచె చూసొస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. వెతికి తెచ్చింది సారాకొట్టు స్పడ్. పేపర్లో ప్రమాదం అని వేశారు. కరువుని ప్రమాదం అనొచ్చని అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"సోమవారం బయల్దేరుతున్నావుగా?" అడిగింది బెరిల్.

"ఆఁ."

"నీ కుక్క రాత్రంతా మా గుమ్మంలోనే కూర్చుంది. తిండి ముట్టలేదు. మీ చెల్లెలు జాయ్ కుక్కని రానివ్వదంటే, ఏం మనిషే అది?"

"తివాచీలు పాడవుతాయంటుంది."

బెరిల్ పళ్ళు కొరికి వెన్న డబ్బా మూత పెట్టింది.

మెర్నా చెల్లెలి దగ్గరికి పోతానని ఊరికి చెప్పింది. ఊళ్ళోనే ఉంటానని చెల్లెలికి చెప్పింది. ఆ రెండు అబద్ధాల మధ్య ఒక చోటు సిద్ధం చేసుకుంది, సోమవారం నుంచి తనని ఎవరూ వెతకని చోటు. క్లెమ్ పోయిన చోటే. ఇంట్లో తెరలు దించి, ఉతికి, మడతపెట్టింది. కుక్కని ఇచ్చేసింది. పండగ దాకా ఆగింది ఒక్క కారణానికే. క్లెమ్ గొంతు ఒకసారి రావాల్సి ఉంది.

విరబిల్లాకి పడమటగా కొండ లేదు, గుట్ట లేదు, చెట్టన్నది కూడా లేదు. ఎర్రమట్టి మైదానం, దాని చివర ఎండిపోయిన ఉప్పు సరస్సు. పండగ స్టేజీ పడమటి ముఖంగా పెడతారు కాబట్టి అక్కడ పాడిన పాట, కొట్టిన చప్పట్లు అన్నీ ఆ మైదానం మీదుగా పోతాయి. అడ్డుకునేదేమీ లేక అలా పోయి పోయి, ఎక్కడో తిరిగి, మళ్ళీ ఏడాది పండగకి వెనక్కొస్తాయి. దాన్ని తిరుగుపాట అంటారు. స్పడ్ మైకు పట్టుకుని పాటకీ పాటకీ మధ్య ఖాళీలు వదిలేది అందుకే. పోయినేటివి వచ్చి వినిపించి పోవాలిగా! గాలిని బట్టి కాస్త ముందూ వెనకా అవుతాయి. కొన్ని దారిలోనే చెదిరిపోతాయి. ఒకసారి చెవిన పడ్డదంటే దాని పని అయిపోయినట్టే, ఇక రాదు. ఎలా వస్తాయని అడిగేవాళ్ళు పట్నం మనుషులు. ఊరివాళ్ళ బాధ వేరు. స్టేజీ దగ్గర ఎవరినైనా ఆడిపోసుకుంటే ఏడాది తిరిగేసరికి అది అందరి ముందూ వినబడుతుంది. ఈనిడ్ కేకు పరుపులా ఉందని బెరిల్ అన్నమాట అలాగే బయటపడి, వాళ్ళిద్దరూ క్రిస్మస్ దాకా మాట్లాడుకోలేదు.

ఒక్కటే కట్టుబాటు. తిరుగుపాటకి బదులు పలకకూడదు. పలికితే ఆ గొంతు నీ గొంతుని తోడు తీసుకుని మళ్ళీ మైదానంలోకి పోతుంది. ఏడాదికి నిన్ను వెతుక్కుంటూ వస్తుంది. నువ్వు లేకపోయావా, ఇంటింటి తలుపూ తడుతూ తిరుగుతుంది. కుక్కలు నిద్రపోవు, పసిపిల్లలు పాలు తాగరు. వెనకటికి టిల్లీ హార్గన్ అనే ఆవిడ చనిపోయిన అన్న పాటకి వంత పాడింది. మరుసటేడు అది వచ్చింది, పాపం మళ్ళీ పాడింది. ముసలిదై పోయేదాకా రైలు గేటు దాటలేదు.

శుక్రవారం సాయంత్రం స్పడ్ లాహీ తన లారీని ఎప్పటి చోటే నిలిపి, వెనక తలుపులు దించి స్టేజీ చేశాడు. మైకు ముట్టుకోకముందే మైదానంలోంచి అతని గొంతే వచ్చింది, "ఒకటి, రెండు, ఒకటి, రెండు... పనిచేస్తోందా?" అని.

"పోయినేడు కూడా పనిచెయ్యలేదురా నాయనా," అంది బెరిల్, కుర్చీ పడమటికి తిప్పుకుంటూ.

శనివారం చుట్టుపక్కల గొర్రెల పొలాల నుంచి కొన్ని బండ్లు వచ్చాయి. కొన్నే. పెద్ద ఊరి నుంచి ప్రభుత్వం ఒక మనోధైర్యం అధికారిణిని పంపింది. ఆవిడ మేజా వేసుకుని అందరికీ పెన్నులు పంచింది. మనసు బాగోలేనప్పుడు చెయ్యాల్సిన ఫోన్ నంబరు పెన్ను మీద అచ్చేసి ఉంది. విరబిల్లాలో ఫోన్ సిగ్నల్ లేదు. వాన అడిగితే పెన్ను ఇచ్చారు! ఆవిడ తప్పేం లేదు, మంచి మనిషే, సాసేజి రొట్టె తిని మధ్యాహ్నానికే వెళ్ళిపోయింది, చీకటి పడితే కంగారూలు బండికి అడ్డమొస్తాయని. మెర్నా కూడా ఒక పెన్ను తీసుకుంది. వద్దంటే ఎందుకని అడుగుతారు.

స్పడ్ స్టేజీ ఎక్కి ఒక జోకు వేశాడు. జనం నవ్వకముందే పోయినేటి జోకు తిరిగొచ్చింది. అదే జోకు.

"సిగ్గుండాలిరా స్పడ్!" ఎవరో అరిచారు.

"కరువు కదండీ, జోకులు కూడా పండట్లేదు," అన్నాడు స్పడ్. నవ్వారు. ఆ నవ్వు ఆగాక అతను టోపీ తీశాడు. "ఇంకో మాట. కమిటీలో అనుకున్నాం. వచ్చే ఏడు పండగ లేదు. పెట్టేవాళ్ళు లేరు, వినేవాళ్ళు లేరు. ఇవాళ పాడింది వచ్చే ఏడు తిరిగొస్తుంది, నాకూ తెలుసు. వచ్చి ఖాళీ మైదానంలో పాడుకుని పోతుంది. అంతే." ఎవరూ ఏమీ అనలేదు. బడి మూసినప్పుడూ అనలేదు, రైలు ఆగడం మానేసినప్పుడూ అనలేదు.

పొద్దు వాలాక ఫిడేలు, అకార్డియన్ పట్టుకుని డాన్సు మొదలుపెట్టారు. డాన్సు ముగింపు ఎన్నేళ్ళుగానో క్లెమ్‌ది. అతనికి పాట రాదు, వాయిద్యం రాదు. కూత వచ్చు. ఆ మైదానాల్లో దారి తప్పినవాడు "కూ... ఈ" అని కూత పెడితే, విన్నవాడు ఎవడైనా సరే, ఏ పనిలో ఉన్నా సరే, బదులు కూత పెట్టి తీరాలి. మనిషి బతికేది దాని మీదే. క్లెమ్ స్టేజీ ఎక్కి కూత పెడితే జనమంతా ఒక్క గొంతుతో బదులిచ్చేవాళ్ళు. అప్పుడు పండగ పూర్తయినట్టు.

ఫిడేలు ఆగింది. అందరూ కుర్చీలు తిప్పుకున్నారు, మెర్నా వైపు చూడకుండా.

"కూ... ఈ!"

వచ్చింది. గొంతు చివర చిన్న జీర, పొద్దున్నే కుక్కని పిలిచేటప్పుడు ఉండే జీర. వెంటనే పోయినేటి జనం బదులు, గుంపుగా, బీరు తాగిన ఉషారుతో. అందులో ఎక్కడో మెర్నా గొంతు కూడా ఉంది. మెర్నా వింది, మెల్లగా గాలి వదిలింది. రావాల్సింది వచ్చేసింది. ఇంక ఎదురుచూసేందుకు ఏమీ లేదు.

రాత్రి అందరూ ఎప్పటిలాగే బండ్ల పక్కన కాన్వాసు పరుపుల్లో పడుకున్నారు.

ఆదివారం పొద్దున పద్యాల ఫలహారం. వచ్చినవాళ్ళు టీ తాగుతూ సొంత పద్యాలు చదువుతారు, వినేవాళ్ళు సాసేజీలు తింటూ భరిస్తారు. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. స్పడ్ పెనం మీద ఉల్లిపాయలు తిప్పుతున్నాడు. బెరిల్ పెద్ద కెటిలు ఎత్తింది. మెర్నా తన పరుపు చుట్టి తాడు కడుతోంది.

"కూ... ఈ."

మైదానంలోంచి. నెమ్మదిగా. అందరి చేతులూ ఆగాయి. బదులు వస్తుందని చూశారు, జనం బదులు. రాలేదు.

"కూ... ఈ."

ఈసారి గొంతు కొంచెం పెద్దది. తర్వాత పెద్ద ఖాళీ. ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టుండే ఖాళీ.

"క్లెమ్‌ది నిన్ననే వచ్చిందిగా?" అంది ఈనిడ్. "మళ్ళీ ఇదేమిటి?"

స్పడ్ చేతిలో పట్టకారు అలాగే ఉంది. "ఇది పోయినేడు ఆదివారం పొద్దున విన్నాం," అన్నాడు. "గుర్తులేదూ? ఆ ఏడు గాలి సరిగ్గా లేక, అంతకు ముందేటి కూత శనివారం తిరిగి రాలేదు. తెల్లారేలోపు వస్తుందిలే అని పడుకున్నాం. పొద్దున్నే వినబడితే, అదే ఆలస్యంగా వచ్చింది అనుకున్నాం. నేను పరుపులోనే ఉన్నా."

"నేనూ విన్నాను," అంది బెరిల్. "అబ్బ, వచ్చేసింది అనుకుని ఇంకో కునుకు తీశాను."

"తిరుగుపాట అయ్యుంటే అప్పుడే అయిపోవాలి," అన్నాడు స్పడ్. "మళ్ళీ వచ్చిందంటే..."

అతను పూర్తి చెయ్యలేదు. అక్కరలేకపోయింది. పోయినేడు ఆ పొద్దున విన్నది పాత గొంతు కాదు. బతికున్న మనిషి స్టేజీ ఎక్కి, మైదానం వైపు తిరిగి, పిలిచాడు. బండ్ల పక్కన ఊరు ఊరంతా పడుకుని ఉంది, కూతవేటు దూరం కూడా కాదు, గొంతు తగ్గించి పిలిచినా వినబడేంత దగ్గర. అందరూ విన్నారు. తిరుగుపాటకి బదులు పలకకూడదు కాబట్టి, కట్టుబాటు తెలిసిన మర్యాదస్థులు కాబట్టి, ఒక్కరూ పలకలేదు. ఈ కూతలో జనం బదులు లేదేమిటని ఒక్క బుర్రకీ తట్టలేదు.

మెర్నా కూడా విన్నది. కళ్ళు మూసుకునే విన్నది. కాసేపటికి క్లెమ్ వచ్చి పక్కన పడుకున్నాడు, కాళ్ళు మంచులా ఉన్నాయి. "చలేస్తోందా?" అంది. "లేదులే, పడుకో," అన్నాడు. ఆమె పడుకుంది.

"కూ... ఈ."

మూడోది. పోయినేడు మూడుసార్లు పిలిచాడని మెర్నాకి గుర్తుంది. ఇక రాదు.

ఆమె నోరు తెరవడం బెరిల్ చూసింది. కెటిలు కింద పడేసి వచ్చి చెయ్యి పట్టుకుంది. "వద్దే! పలికావంటే ఇక్కడే ఇరుక్కుపోతావు. ఏముందని ఇక్కడ ఇంకో ఏడాది? రేపు హాయిగా వెళ్ళిపోతున్నావు. వెళ్ళిపో తల్లీ. వాడు పోయాడు. నువ్వైనా బయటపడు."

బెరిల్ కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ మాటల్లో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ ప్రేమతోనే ఆమె మెర్నాని ఎటు నెడుతోందో ఆమెకి తెలియదు.

మెర్నా చెయ్యి విడిపించుకుంది. మొదటిసారి దగ్గులా వచ్చింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"కూ... ఈ!"

అందమైన కూత కాదు. చీలిపోయింది, చివర అరుపైపోయింది. అది లారీ దాటి, కంచె దాటి, ఎర్రమట్టి మీదుగా పోవడం అందరూ విన్నారు. దాని వెనకే ఇంకేదో కదిలినట్టు, ఎవరో ఆగి, వెనక్కి తిరిగి, కలిసి నడుస్తున్నట్టు వినబడింది. ఆ తర్వాత ఉల్లిపాయలు మాడుతున్న చప్పుడు.

ఎవరూ వంత పలకలేదు. పలకాల్సిన పొద్దు ఏడాది కిందటే దాటిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం జనం వెళ్ళిపోయారు. హాలు మెట్ల మీద బెరిల్ ట్రేలు తుడుస్తోంది. మెర్నా వచ్చి నిలబడింది.

"కుక్కని తీసుకుపోతాను బెరిల్."

"మీ చెల్లెలు రానివ్వదన్నావుగా?"

"జాయ్ దగ్గరికి పోవట్లేదు."

"పలికావు కదా, ఇంకెలా పోతావు! నేను చెబుతూనే ఉన్నాను. జాయ్‌కి కబురు చేశావా మరి? పాపం, గది సర్ది పెట్టుకుని ఉంటుంది."

"జాయ్‌కి నేను వస్తున్నట్టే తెలియదు," అంది మెర్నా.

బెరిల్ ఇంకో ట్రే తుడిచింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. తర్వాత తువ్వాలు ఒళ్ళో పడింది.

"మరి రేపు... ఎక్కడికే?"

మెర్నా మైదానం వైపు చూస్తూ నిలబడింది.

"నేను నీ చెయ్యి పట్టుకుని ఆపాను," అంది బెరిల్.

"గట్టిగానే పట్టుకున్నావు. కమిలింది, చూడు."

బెరిల్ ఆ మణికట్టు చూడలేకపోయింది. "ఏడాది," అంది. "ఏడాది ఉంటావుగా?"

"అది వచ్చేదాకా ఉండాలి. ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. అడక్కు."

"అడగను."

కుక్క గొలుసు లేకుండానే మెర్నా వెనక నడిచింది. ఇంటికెళ్ళి ఆమె మడతపెట్టిన తెరల్లోంచి వంటగదిది మాత్రం తీసి తగిలించింది. మిగతావాటికి ఓపిక లేదు. కెటిలు పొయ్యి మీద పెట్టింది. బోరు నీళ్ళు ఎప్పటిలాగే కుళ్ళిన గుడ్ల వాసన వేశాయి. వాన మబ్బు ఎక్కడా లేదు. క్లెమ్ కుర్చీ ఖాళీగానే ఉంది, రేపూ ఖాళీగానే ఉంటుంది.

సోమవారం పొద్దున స్పడ్ లారీ తీసుకుపోదామని వచ్చాడు. స్టేజీ ఎక్కి కాసేపు మైదానం వైపు చూశాడు. తర్వాత దిగి, లారీ చక్రాల కింద రాళ్ళు పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, ఇంటికి నడిచే పోయాడు. లారీ అలాగే ఉంది, పడమటి ముఖంగా.