కొంచెం కుడికి పట్టు

నేను ఒక ఉక్కు కడ్డీని. బొటనవేలి కంటే కాస్త లావు, మనిషి నడుము దాటి పొడవు. పాత అంబాసిడర్ కారులో ముందువైపు ఎడమ చక్రం మీద పడే బరువు మోసేది నేనే. మెకానిక్కులు నన్ను టార్షన్ బార్ అంటారు. కారున్నవాళ్ళలో చాలామందికి నేనొకడిని ఉన్నానని కూడా తెలియదు. స్ప్రింగయితే చుట్టలు చుట్టుకుని బడాయిగా కనిపిస్తుంది. నేను కారు పొట్ట కింద పొడుగ్గా పడుకుని ఉంటాను. చక్రం గుంటలో పడి లేచినప్పుడల్లా నన్ను తడిబట్టను పిండినట్టు పిండుతుంది. బట్టనయితే పిండాక ఆరేస్తారు. నన్ను మళ్ళీ పిండుతారు.

పుట్టినప్పుడు నన్ను ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, ఒకే వైపుకు మెలితిప్పి అలవాటు చేశారు. కుడి చక్రం బరువు మోసే నా జంట కడ్డీని రెండో వైపుకు తిప్పారు. ఒకే కొలిమిలో పుట్టి, ఒకే కారులో చేరి, ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఉన్నాం. మా ఇద్దరి మధ్య మాటల్లేవు. అన్నదమ్ములకు ఇది కొత్తేమీ కాదంటారు.

మొదట నన్ను ఒక పొగాకు వ్యాపారి కొన్నాడు. ఆయన దర్జాగా వెనక సీట్లో కూర్చునేవాడు కాబట్టి ఆయన బరువెంతో నాకు తెలియలేదు. తర్వాత పెళ్ళిళ్ళకు బండ్లు అద్దెకు తిప్పే ఒకాయన చేతికి వచ్చాను. పెళ్ళివారు ముందు సీట్లో ఇద్దరు పట్టేచోట నలుగురు ఎక్కేవారు. మూలిగాను గానీ వంగలేదు. అదంతా వచ్చి పోయే బరువు. మనిషినైనా ఉక్కునైనా వంచేది రోజూ వచ్చి ఒకేచోట కూర్చునే బరువే.

అలాంటి బరువు నరసరావుపేటలో తగిలింది. పేరు పిచ్చేశ్వరరావు మాస్టారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కారు నేర్పే మాస్టారు. భారీ మనిషి. ఆయన ఎక్కితే బండి ఒకసారి దణ్ణం పెట్టి నిలబడేది. నేర్చుకునేవాళ్ళు కుడి సీట్లో స్టీరింగ్ పట్టుకుంటే, ఆయన ఎడమ సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర తనకోసం పెట్టించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఉంచేవాడు. కుడి సీట్లోకి బియ్యం కొట్టువాళ్ళు వచ్చారు, లెక్చరర్లు వచ్చారు, పెళ్ళి కుదిరిన కుర్రాళ్ళు వచ్చారు. లైసెన్సు రాగానే వెళ్ళిపోయారు. ఎడమ సీట్లో మాత్రం ఆయనే.

ఏళ్ళు గడిచేకొద్దీ నేను వంగిపోయాను. ఉక్కు వంగితే చప్పుడు రాదు. లేవవలసినంత లేవడం మానేస్తుంది, అంతే. బండి ఎడమకు ఒరిగింది, ఎడమకే లాగడం మొదలుపెట్టింది. మాస్టారు ముందు టైర్లలో గాలిని అనుమానించాడు. తర్వాత మున్సిపాలిటీవాళ్ళు రోడ్డును కాలవ వైపుకు వాల్చి పోశారని తిట్టాడు. ఆ తర్వాత బండికి దిష్టి తగిలిందన్నాడు. దసరా నాడు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. నాలుగు కాయల్లో ఎడమవైపు ముందు కాయ నలిగినంత మెత్తగా ఇంకేదీ నలగలేదు. అయినా ఆయనకు తన మీద అనుమానం రాలేదు. ఎవరి బరువు వాళ్ళకు తెలియదు కదా.

చివరికి మాస్టారు ఆ లోపాన్నే పాఠం చేసేశాడు. స్టీరింగ్ ముందు ఎవరు కూర్చున్నా ఓనమాలకంటే ముందు చెప్పే మాట ఒకటే, "కొంచెం కుడికి పట్టు." అన్ని కార్లకూ అదే పద్ధతని వాళ్ళు నమ్మారు. ఊళ్ళో సగంమంది డ్రైవర్లు కొత్త కార్లలో కూడా కొంచెం కుడికి పట్టి, ఎదురొచ్చేవాళ్ళతో తిట్లు తింటున్నారు. మాస్టారి కూతురు హైమావతి కూడా అలాగే నేర్చుకుంది. సీటు మీద దిండు వేసుకుని మరీ కూర్చునేది. "కొంచెం కుడికి పట్టు తల్లీ" అని ఆమెకు ఒక మాట ఎక్కువ కలిపి చెప్పేవాడు.

ఒక ఉదయం ఎడమ తలుపు తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు. మాస్టారు నిద్రలోనే పోయాడని పలకరింపులకు వచ్చినవాళ్ళు కారుకు ఆనుకుని చెప్పుకుంటుంటే విన్నాను. బరువు దిగిపోయింది, ఇక నేను లేవాలి. లేవలేదు. నేను ఏడ్చాననుకోకండి. ఉక్కుకు ఏడుపు ఉండదు. నాకేమీ అనిపించలేదు. చాలాకాలం నాకు ఏమీ అనిపించలేదు.

హైమావతి కూడా ఏడవలేదు. ఒక్కగానొక్క కూతురు కంట తడి పెట్టలేదేమిటని వాకిట్లో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆమె వచ్చినవాళ్ళకు కాఫీలిచ్చింది, కుర్చీలు సర్దింది, దినకర్మలయ్యాక తల్లిని కూర్చోబెట్టి డ్రైవింగ్ స్కూలు తాను నడుపుతానని చెప్పింది. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ స్కూలొక్కటే. అయితే స్కూలు అనుమతి కోసం కారు చూడవచ్చిన రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అడ్డం పడ్డాడు. "బండి ఒరిగిపోయింది, ఎడమకు లాగుతోంది. దీంట్లో నేర్చుకున్నవాళ్ళు ఏమవుతారమ్మా? బాగుచేయించి, మీరే నడిపి చూపించండి. నాకు నచ్చకపోతే బోర్డు దించేయాల్సిందే" అన్నాడు. న్యాయమైన మాటే.

హైమావతి కారును మస్తాన్ వలీ షెడ్డుకు తెచ్చింది. మస్తాన్ వలీ మాస్టారికి పాత స్నేహితుడు, మెకానిక్కు. ఇన్నాళ్ళూ మాస్టారు చెప్పిన గాలి కథలూ రోడ్డు కథలూ నమ్మి, బండిని జాకీ మీదకు ఎక్కించకుండానే పంపించినవాడు. ఈసారి మాత్రం మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఎడమ టైరు కుడికి, కుడి టైరు ఎడమకు మార్చాడు. ఇంకా ఎడమకే లాగింది. చక్రాలు పైకెత్తి ఊపి చూశాడు, ఎక్కడా వదులు లేదు. షాక్ అబ్జార్బర్లలో నూనె తగ్గితే నింపాడు, గ్రీజు కొట్టాడు. నేలే వాలుగా ఉందేమోనని కారును వెనక్కు తిప్పి నిలబెట్టాడు. అటు తిప్పినా నేను ఎడమకే ఒరిగాను. అప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి పెట్టాడు. కుడివైపు అరచెయ్యి దూరింది. ఎడమవైపు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు గొంతుక్కూర్చుని నావైపే చూశాడు.

"సామాను తప్పు కాదమ్మాయ్. మీ నాయన ఇన్నేళ్ళూ ఇక్కడే కూకున్నాడు గందా, ఈ బారు ఆ బరువుకి అట్టాగే అలవాటు పడిపోయింది" అన్నాడు.

హైమావతి ఎడమ సీటు వైపు చూసింది. "టైర్లు మార్చినట్టు ఈ రెండు బార్లని కూడా అటుదిటు, ఇటుదటు మారిస్తే పోద్దా బాబాయ్?"

"చెప్పులు మార్చి తొడుక్కుంటే నడవగలవా? ఒకవైపు మెలిక పడ్డ బారుని ఇంకో ఏపుకి తిప్పితే ఇరిగి ఊరుకుంటది. దీన్నే ఒక పన్ను పైకి జరుపుతా. లేచి నిలబడుద్ది."

"జరుపు" అంది. గొంతులో ఏమీ లేదు.

నా వెనక చివర గేరు చక్రానికి ఉన్నట్టు పళ్ళుంటాయి. అవి పట్టులోంచి ఊడి, ఒక పన్ను జరిగి, మళ్ళీ బిగుసుకున్నాయి. జాకీ దించాక కారు తిన్నగా నిలబడింది. ఎడమ సీట్లో ఎప్పుడూ ఎవరూ కూర్చోనట్టే ఉంది. అది బాగుచెయ్యడమో చెరిపెయ్యడమో నాకు తెలియలేదు.

హైమావతి స్టీరింగ్ పట్టుకుంది. మస్తాన్ వలీ ఎడమ సీట్లో కూర్చున్నాడు. పల్చటి మనిషి, ఆయన ఎక్కిన సంగతే నాకు తెలియలేదు. సత్తెనపల్లి రోడ్డెక్కి కొంతదూరం పోయేసరికి కారు మెల్లగా కుడికి జరిగింది. ఎదురుగా మిరపకాయల బస్తాల ట్రాక్టరు వస్తోంది. ట్రాక్టరు డ్రైవరు హారన్ మోగించాడు. మస్తాన్ వలీ రెండో బ్రేకు మీద కాలేశాడు. ట్రాక్టరు ఏదో తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు కుడికి లాగుతుంది బాబాయ్. రేపు ఇన్‌స్పెక్టరు ముందు ఎట్టా నడపాలి? ఎక్కువ జరిపావేమో" అంది హైమావతి.

"మళ్ళీ పోనియ్యి. పోనిచ్చి ఒక్కసారి చేతులు వదులు."

రోడ్డు ఖాళీ అయ్యాక ఆమె కారును పోనిచ్చి చేతులు వదిలేసింది. నేను తిన్నగా వెళ్ళాను. కుడికీ పోలేదు, ఎడమకీ పోలేదు. తారు మీద గీసిన తెల్లగీత పక్కనే పోతూ ఉన్నాను.

"లాగేది బండి కాదమ్మా" అన్నాడు మస్తాన్ వలీ మెల్లగా.

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టింది. అవి వాటంతటవే కొంచెం కుడికి పట్టాయి. ఆమె కారును పక్కకు తీసి ఆపింది. స్టీరింగ్ మీద తల ఆన్చి, నాన్నా, నాన్నా అంటూ ఏడ్చింది. మస్తాన్ వలీ దిగి, బానెట్‌కు ఆనుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఏడ్చినంతసేపూ ముందు చక్రాలు సన్నగా వణికాయి. ఆ వణుకంతా నాలోంచే పోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుంటే హైమావతి చేతులు వదులుగా పెట్టుకుని నడిపింది. బోర్డు దించలేదు. ఇప్పుడు ఎడమ సీట్లో ఆమే కూర్చుంటోంది. నేర్చుకునేవాళ్ళకు "చేతులు వదులుగా పెట్టుకోండి, బండి దారి బండికి తెలుసు" అని చెబుతోంది. పాత శిష్యులెవరైనా కనిపిస్తే ఆపి మరీ వాళ్ళ చేతులు సరిచేస్తోంది.

తేలికైన మనిషి. నాకు హాయిగా ఉండాలి. రోజూ పొద్దున్నే ఎడమ తలుపు తెరిచిన చప్పుడు వినగానే నేను బిగుసుకుంటాను, పెద్ద బరువు వస్తుందని. తలుపు మూసుకుంటుంది. బరువు రాదు. బండి కదులుతుంది.